రోడ్డుకు తాడు కట్టిన కొమురెల్లి

కొమురెల్లి మాట మొదలుపెడితే ఇంకో గిన్నె చాయ్ పొయ్యి మీదికి ఎక్కించాల్సిందేనని మల్లక్కకు తెలుసు. ఆమెది పేరుకే హోటల్. గోదావరిఖనిలో బొగ్గుబాయి గేటుకు ఎదురుగా నాలుగు రేకులు, రెండు బల్లలు, ఒక పొయ్యి. మొదటి షిఫ్టు చేసి, ఇంట్లో ఓ కునుకు తీసి, పొద్దుగూకాక మళ్లీ ఆ గేటు దగ్గరికే వచ్చి కూర్చునే మనుషులకు చాయ్ ఒక సాకు మాత్రమే. అసలు పని కొమురెల్లి కోతలు వినడం.

కొమురెల్లి బాయిలో సర్దారుగా చేసి దిగిపోయినవాడు. లోపల తన వంతు జాగాలో పైకప్పు గట్టిగా ఉందో లేదో చూసి, గోడ మీద సుద్దముక్కతో తేదీ వేసి, సంతకం పెట్టి, ఆ తర్వాతే మనుషుల్ని పనిలోకి పంపేవాడు సర్దారు. ఆయన దిగిపోయి ఏళ్లు గడిచినా జేబులో సుద్దముక్క పోలేదు, గొంతులో అధికారమూ పోలేదు. ఊరందరికీ ఆయన సర్దార్ కాకే.

ఆ సాయంత్రం సదానందం వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. కూర్చున్నాడని చెప్పడమే గానీ, కూర్చున్నదెంతసేపు! లేచి రోడ్డు దాకా వెళ్లాడు, తిరిగి వచ్చాడు, చాయ్ తీసుకున్నాడు, తాగకుండా పక్కన పెట్టాడు. బాయి మీద పెద్ద యంత్రం దగ్గర కూర్చుని, లోపలి బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో పైకి గుంజే పని అతనిది. అలాంటి పనిలో ఉన్నవాడు నిదానస్తుడై ఉండాలి, ఉన్నాడు కూడా. ఆ నిదానం ఇవాళ ఏ గంగలో కలిసిందో ఎవరికీ అర్థం కాలేదు. ఎవరో పాతది అమ్ముతుంటే కొనుక్కున్న మారుతి కారును మామూలుగా హోటల్ ముందు నలుగురికీ కనబడేలా నిలిపేవాడు, ఇవాళ దాని మూతిని గోడకు ఆనించినట్టు పెట్టి వచ్చాడు.

ముందు ఎడమ లైటు పగిలి ఉంది. ఇందాక పెళ్లాన్ని పెద్దపల్లిలో పుట్టింట్లో దింపి వస్తుంటే, బసంత్‌నగర్ దాటాక, మసకచీకట్లో ఎదురుగా సిమెంటు లారీ లైటు కళ్లల్లో కొట్టింది. కొంచెం ఎడమకు తిప్పాడు. దబ్బుమని చప్పుడైంది. అద్దంలో చూస్తే బొగ్గు మూటలు కట్టిన సైకిలొకటి రోడ్డు పక్కన పడి ఉంది. దాన్ని తోసుకుపోతున్న ముసలాయన తలపాగా కనబడింది గానీ, ముసలాయన లేవడం కనబడలేదు. పాన్ డబ్బా దగ్గర నలుగురు కేకేశారు. బ్రేకు మీద పడాల్సిన కాలు యాక్సిలరేటరు మీద పడింది. పారిపోవాలని అనుకున్నది లేదు, కాలు పారిపోయింది, దాని వెంట అతను వచ్చాడు. ఇల్లు ఖాళీగా ఉంది. ఆ ఖాళీ ఇంట్లో ఒక్కడే కూర్చోవడానికి భయమేసి ఇక్కడికొచ్చాడు.

దారంతా తనకు తాను సర్దిచెప్పుకుంటూనే ఉన్నాడు. అది దొంగబొగ్గు, ముసలాయన పోలీసుల దగ్గరికి పోడు. పాన్ డబ్బా వాళ్లు చూసుకుంటారు. నంబరు ఎవరూ చూసి ఉండరు. ఇన్ని చెప్పుకున్నా లోపల ఒకటే ప్రశ్న తిరుగుతోంది, ఆయన లేచాడా లేదా అని.

అందుకే, అడగకూడదనుకుంటూనే అడిగేశాడు. "సర్దార్ కాకా, కారుకు యాక్సిడెంటు అయితే ముందుగాల ఏం జెయ్యాలె?"

ఎదుటి బల్ల మీది ఎల్లన్న పక్కవాడిని మోచేత్తో పొడిచాడు. కొమురెల్లిని అలాంటిది అడగడమంటే ఇక ఇంటికి పోయే ఆశ వదులుకున్నట్టే. కొమురెల్లి మాత్రం బీడీ వెలిగించుకుని, చాలా వినయంగా మొదలుపెట్టాడు.

"పెద్దగ చెప్పుకునేటంతదేం గాదు బిడ్డా. నాకు ఒక్కపారి అయింది, చిన్నది. గీ తెలంగాణ లొల్లి ఇంకా జోరుకు రాకముందు ముచ్చట. మా బామ్మర్ది అంబాసిడర్ కారు దీస్కొని పెద్దపల్లి నుంచి వస్తున్న. బసంత్‌నగర్ కాడ ఒకడు స్కూటర్ మీద అడ్డమొచ్చిండు. నేను బ్రేకేస్తే కారు ఎట్ల ఆగిందో ఎరికెనా, గీ బీడీ పొడుగు గూడ జరగలే. ఆగింది గానీ స్కూటర్ ఒచ్చి తగిలింది, ఆయన పడ్డడు. ఇంకోడైతే ఏంజేస్తడు? ఉరుకుతడు."

సదానందం రోడ్డు వైపు చూశాడు.

"నేను ఉరకలే. నేను సర్దార్‌ను. బాయిల యాక్సిడెంటు అయితే ఏంజేస్తం? పెద్దసారు ఒచ్చి చూసేదాంక జాగ కదిలియ్యం. తట్ట పడ్డకాడ తట్ట ఉండాలె, బొగ్గెత్తే చెమ్మస్ పడ్డకాడ చెమ్మస్ ఉండాలె. రోడ్డు మీదైతే మాత్రం కానూన్ మారుతదా? జేబుల కెల్లి సుద్దముక్క దీసిన. టైరు చుట్టు గుండ్రంగ గీసిన, స్కూటర్ చుట్టు గీసిన, తారీకు ఏసిన, సంతకం పెట్టిన. గా పక్క చేనుల ఎడ్లకు కట్టిన పగ్గం అడుక్కొచ్చి, గీ చెట్టుకెల్లి గా కరెంటు స్తంభం దాంక రోడ్డుకు అడ్డంగ కట్టి, నా ఎర్ర రుమాలు దానికి తగిలేసిన."

హైదరాబాద్ పోయే పెద్దరోడ్డుకేనా అని ఎల్లన్న అడిగాడు. మరి చేని గెట్టుకు కడతానా అని కొమురెల్లి కసిరాడు.

"పడ్డాయన ఏమన్నడు కాకా?" అన్నాడు సదానందం.

"ఆగు, అక్కడికే వస్తున్న," అని కొమురెల్లి చెయ్యి ఊపాడు, ఊపి ఎక్కడికో వెళ్లిపోయాడు. సిమెంటు ఫ్యాక్టరీ లారీలు వరసగా వచ్చి తాడు దగ్గర ఆగిపోయాయట. డ్రైవర్లు ఇనుపరాడ్లు పట్టుకుని దిగారట. దిగినవాళ్లు తనను చూసి, మీసం చూసి, సుద్దగీత చూసి, రాడ్లు వెనక దాచుకుని, సార్ ఎప్పుడు పోనిస్తరు అని చేతులు కట్టుకున్నారట. అప్పటికి ఒక్కో లారీ వెనక పది లారీలు, ఒక్కో బస్సు వెనక పది బస్సులు చేరి, వరస సుల్తానాబాద్ దాటి కరీంనగర్ చేరిందట.

"ఆ తర్వాత ఏమైందో ఎరికెనా? కరీంనగర్ల ఆగుతదా అది! పొద్దుగాల లేచెవరకు హైదరాబాద్ దాంక బండి ఎన్క బండి. చార్మినార్ కాడ ఒకాయన ఇంట్ల నుంచి సైకిల్ బయటికి దీద్దామంటే జాగ లేదు. గిటు దిక్కు గోదావరి వంతెన నిండింది, మంచిర్యాల నిండింది, చాందా నిండింది, నాగపూర్ల నారింజపండ్ల లారీలోడు ఏడ్సుకుంట కూసున్నడు. ఏడ్వకురా అని నేనే ఇక్కడికెల్లి కబురు పంపిన, మనిషి నుంచి మనిషికి చెప్పుకుంట పోతే జాముల చేరింది."

జనం నవ్వారు. మల్లక్క చాయ్ వడగడుతూ తనూ నవ్వింది. సదానందం నవ్వలేకపోయాడు. అదే సమయానికి నూట ఎనిమిది బండి కూత పెట్టుకుంటూ గేటు ముందు నుంచి పోయింది. అతను లేచి రోడ్డు దాకా పరుగులాంటి నడకతో వెళ్లి, అది బసంత్‌నగర్ వైపు పోతోందా అటునుంచి వస్తోందా అని చూశాడు. అటునుంచే వచ్చి మంచిర్యాల వైపు పోయింది. అంటే ఆయనను తీసుకుపోతున్నారా, ఇంకెవరినైనానా, అసలు ఆయన కోసం బండి ఎవరైనా పిలిచారా? కారు దగ్గరికి వెళ్లి తాళంచెవి పట్టుకున్నాడు. ఇప్పుడు పోతే జనం తంతారు. పోకపోతే? తిరిగొచ్చి కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు.

అతను లేచివెళ్లిన కాసేపట్లో కొమురెల్లి కథ చాలా దూరం పోయింది. పెద్దపల్లి దగ్గర రైలు గేటు మీద లారీలు ఆగిపోయినందుకు గేటు పడలేదు, గేటు పడనందుకు రైళ్లు ఆగాయి, బొగ్గు రైళ్లు ఆగినందుకు మద్రాసులో కరెంటు పోయింది. ఆగిన జనానికి ఆకలవదా? సుల్తానాబాద్ వాళ్లు అంగడిని తెచ్చి రోడ్డు మీదే పెట్టారు. తాడుకు అటువైపు ఒక పెండ్లి బస్సు చిక్కుకుంటే, ముహూర్తం దాటిపోతుందని పెద్దమనుషులు లబోదిబోమంటుంటే, కొమురెల్లే అంబాసిడర్ బానెట్ మీద పీటలు వేయించి పెండ్లి చేయించాడు.

"నువ్వు మంత్రాలు గూడ జదివినవా కాకా?" అన్నాడు ఎల్లన్న.

"చదవకపోతే? పిలగాడు పిల్లకు తాళి గట్టిండు. ఆ తర్వాత ఏమైందో ఎరికెనా? నేను తాడు ఇప్పలే గదా, ఆ బస్సులనే కాపురం బెట్టిండ్రు. ఆ బస్సులనే పిల్ల పుట్టింది. నాతోనే పేరు పెట్టిపిచ్చిండ్రు."

ఈసారి బల్లలు కదిలేలా నవ్వారు. కొమురెల్లి మాత్రం నవ్వలేదు. అసలు సిసలు కోతలరాయుడు తన కోతకు తను నవ్వడు. కలెక్టరు సుల్తానాబాద్ నుంచి నడిచి వచ్చి, తాడు ముట్టుకోబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చానన్నాడు. మంత్రి హెలికాప్టర్‌లో వచ్చాడన్నాడు. దిగడానికి జాగ లేక లారీల మీద వేసిన తాటిపత్రిల మీదే దిగి, ఒక్కో లారీ మీది నుంచి దూకుతూ తన దాకా వచ్చాడన్నాడు.

"వచ్చి ఏమన్నడు? కొమురెల్లిగారు, దేశం ఆగిపోయింది, జర తాడు ఇప్పుండ్రి అన్నడు. నేనేమన్న? సారూ, ఇన్‌స్పెక్టర్ ఒచ్చి చూడకముందు యాక్సిడెంటు జాగల ఒక్క గులకరాయి కదిలినా ఊకోను, మీరు గా సుద్దగీతకు అవుతల నిలబడుండ్రి అన్న. మంత్రి ఎన్కకు జరిగిండు! ఢిల్లీకి ఫోన్ జేసిండు. ఢిల్లీ వాళ్లేమన్నరు? సర్దార్ చెప్పినట్టు ఇనుండ్రి అన్నరు. ఇయ్యాలరేపు పోరగాళ్లు రాస్తారోకోలంటున్నరు, గీ రోడ్డు మీద మొదటి రాస్తారోకో నాదే. అన్ని రోజులల్ల నేను ఒక్క వస్తువ కదలనియ్యలే. కారు కదలలే, స్కూటర్ కదలలే, పగిలిన గాజుముక్క కదలలే."

"పడ్డాయన?" అన్నాడు సదానందం మళ్లీ.

"అరె, చెప్తున్న గదనయ్య."

మల్లక్క చాయ్ గిన్నె దించి, కొంగుతో చేతులు తుడుచుకుని ముందుకొచ్చింది. ఆమె ఎప్పుడూ కొమురెల్లి కథకు అడ్డం పోదు, పోతే తన బేరమే చెడుతుంది. ఇవాళ మాత్రం నవ్వు ఆపుకుంటూనే నడుం మీద చేతులు పెట్టుకుంది.

"కాకా, సదన్న ఎప్పటిసంది అడుగుతున్నడు, జర చెప్పు. రోడ్డు ఆగింది, రైలు ఆగింది, పెండ్లయింది, పిల్ల పుట్టింది, మంత్రొచ్చిండు. ఒక్కటి గూడ కదలలే అంటున్నవు. అంటే గా పడ్డాయన గన్ని దినాలు రోడ్డు మీదనే పడున్నడా?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎల్లన్న బల్ల మీది నుంచి జారి కింద కూర్చుని నవ్వాడు. కొమురెల్లి బీడీ ఆరిపోయిందేమో చూసుకున్నాడు. మంత్రిని వెనక్కి జరిపిన మనిషికి, తను పడగొట్టిన మనిషిని ఎక్కడ పెట్టాలో తోచలేదు. కథలో అతన్ని మర్చేపోయాడు.

"ఆయన సుట్టు గూడ సుద్దగీత గీసినవా కాకా?" అని ఎవరో అందించారు.

నవ్వులు ఆగేదాకా మల్లక్క ఆగింది. ఆ తర్వాత ఆమె గొంతు మారింది. "నవ్వులాటకు చెప్తున్నవని ఎరికే. కానీ బాయిల గట్ల జెయ్యరు. మా ఇంటాయన మీద బండ పడ్డనాడు తాడు తర్వాత గట్టిండ్రు, ముందుగాల మనిషిని దీసిండ్రు. స్ట్రెచర్ మీద ఏసి టబ్బుల బండి మీద పెడితే, ఈ సదన్ననే పైకి గుంజిండు. షిఫ్టు దిగిపొయ్యే టైము అతనిది. ఇంకోనికి అప్పజెప్పలే. నడుము ఇరిగిన మనిషి, ఒక్క కుదుపు పడకుండ తెచ్చిండు. మా ఆయన ఇయ్యాల గోడ పట్టుకోనైనా నడుస్తున్నడంటే ఈ చేతుల పుణ్యం."

అందరూ సదానందం చేతుల వైపు చూశారు. అతను వాటిని మోకాళ్ల మధ్య నుంచి తీయలేకపోయాడు. ఇంత సిగ్గు అతనికి జన్మలో కలగలేదు.

"అయితే అక్కా," అన్నాడు, తల ఎత్తకుండా, "యాక్సిడెంటు అయితే ఏం జెయ్యాలె?"

"ఏం జేసుడేంది సదన్నా? పోయి లేపాలె."

సదానందం లేచాడు. ఈసారి రోడ్డు దాకా వెళ్లి తిరిగి రాలేదు, కారు తలుపు తీశాడు. తన పరువు పోయిన చోట ఇంక నిలబడలేక కొమురెల్లి కూడా లేచి, ఇంటి దాకా దింపమని వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. కూర్చున్న కాసేపటికి, మా ఇల్లు ఇటు గాదు గదా అన్నాడు. అప్పుడు సదానందం రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా అంతా చెప్పాడు. లారీ లైటు, బొగ్గు సైకిలు, తలపాగా, కాలు.

కొమురెల్లి జేబులోంచి తీసిన బీడీని వెలిగించకుండానే మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

"కాకా, జనం మీదికొస్తే ఏమనాలె?"

"నాకేమెరుక బిడ్డా," అన్నాడు కొమురెల్లి. "నాకు కారు నడుపుడే రాదు. గట్టిగ పోనియ్యి."

ముసలాయన పాన్ డబ్బా పక్కన గోడకు ఒరిగి ఉన్నాడు. ఎడమకాలు వాచిపోయి ఉంది. బతికే ఉన్నాడని చూస్తూనే సదానందం కారు దిగాడు. పిలిచిన బండి ఇంకా రాలేదని ఎవరో అంటున్నారు, ఇంకెవరో పగిలిన లైటు చూసి, గిదే కారు అని కేకేశారు. సదానందం, నాదే, నేనే అంటూ ముసలాయన దగ్గరికి నడిచాడు. రెండు దెబ్బలు వీపు మీద పడ్డాయి, ఒకటి చెంప మీద. అతను ఆగలేదు. ముసలాయన చంక కింద భుజం పెట్టి, టబ్బుల బండిని గుంజినంత నిదానంగా లేపాడు. కాళ్ల వైపు కొమురెల్లి పట్టాడు. ముసలాయన పేరు ఓదెలు. మొత్తుకున్నది కాలు గురించి కాదు, చిందిన బొగ్గును ఎవరన్నా ఎత్తుకుపోతారని. ఎవరూ ఎత్తుకుపోకుండా చూస్తామని పాన్ డబ్బా వాళ్లు మాటిచ్చాక గానీ కార్లో పడుకోలేదు. దవాఖానలో ఎముక విరిగిందన్నారు, అతుక్కుంటుందన్నారు.

మర్నాడు సాయంత్రం సదానందం దవాఖాన నుంచి నేరుగా మల్లక్క హోటల్‌కు వచ్చేసరికి రెండు బల్లలూ నిండిపోయి ఉన్నాయి. కొమురెల్లి నిలబడి చెబుతున్నాడు. నిన్న పోయిన పరువు రాత్రికి రాత్రి రెండింతలై తిరిగొచ్చినట్టుంది. బసంత్‌నగర్ దగ్గర తామిద్దరూ కార్లో వస్తున్నారట. లారీ లైటు కళ్లల్లో కొట్టిందట. సైకిలుకు కారు తగిలీ తగలకముందే సదానందం బ్రేకు మీద నిలబడ్డాడట. కారు ఆగకముందే దూకి, బొగ్గుమూటను ఒంటిచేత్తో విసిరేస్తే అది పోయి సిమెంటు ఫ్యాక్టరీ గొట్టంలో పడిందట. రెండు వేల మంది కర్రలతో మీదికొస్తే తను ఒక్కడే సుద్దగీత గీసి అవతల నిలబెట్టాడట.

"గిసువంటి మనిషి మన బాయి మీద ఉండుడు మన అదృష్టం. ఒక్క నిమిషం, ఒక్క నిమిషం ఎన్కాముందు చూసిండా? లే. గక్కడనే ఆపిండు," అన్నాడు కొమురెల్లి, సదానందం వైపు ఓ చూపు విసిరి. ఆ చూపులో, నేను చూసుకుంటాను, నువ్వు ఊరుకో అని ఉంది.

అందరూ తిరిగి చూశారు. ఎల్లన్న జరిగి జాగ ఇచ్చాడు. మల్లక్క ముఖం వెలిగిపోయింది, నేను ముందే చెప్పలేదా అన్నట్టు. కొమురెల్లి ఎంత ప్రేమతో ఆ కోత కోశాడో సదానందానికి తెలుస్తూనే ఉంది. కూర్చుంటే సరిపోయేది. ఇక్కడ ఇంకెవరికీ తెలియదు, కొమురెల్లి చచ్చినా చెప్పడు. కానీ నిన్న పారిపోయి, రాత్రంతా నిద్రపట్టనివ్వని తన కాలే అతన్ని కూర్చోనివ్వలేదు.

"గట్ల గాదు," అన్నాడు. "నేను ఆపలే. పడగొట్టి ఉరికొచ్చిన. నిన్న మీరందరు నవ్వుతుంటే గీ బల్ల మీదనే కూసున్న. అక్క చెప్పినంక పోయిన."

నవ్వబోయినవాళ్లు ఆగిపోయారు. మల్లక్క చేతిలో చాయ్ గరిటె అలాగే ఉండిపోయింది.

"నువ్వు ఊకోవోయ్," అన్నాడు కొమురెల్లి, మొహం ఎర్రబడి. "కథ నేను చెప్తున్న గదా."

"చెప్పు కాకా. రెండు వేల మంది అను, ఇరవై వేల మంది అను, నీ ఇష్టం. ఆపిన అని మాత్రం చెప్పకు."